గదిలో ఇంకెవరు?

నిన్న పదకొండింటికి మాదాపూర్‌లోని ఒక స్టార్టప్ వాళ్ళ ఆన్‌లైన్ పరీక్ష. ఫ్రెషర్ ఉద్యోగమే, కాకపోతే ఏడాది అనుభవం కావాలట. రెజ్యూమె అప్‌లోడ్ చేయించుకుని, అందులో ఉన్నదంతా మళ్ళీ గళ్ళల్లో టైపు చేయించుకున్నారు. చేశాను. 90 నిమిషాలు, 2 ప్రశ్నలు. కెమెరా ఆన్‌లో ఉండాలి. 3 హెచ్చరికలొస్తే పరీక్ష మూసేస్తారు. ఖమ్మంలో మా ఇంట్లో వైఫై కుదురుగా అందేది ముందుగదిలోనే కాబట్టి అక్కడే కూర్చున్నా.

మొదటి ప్రశ్న లింక్డ్ లిస్టులో, అంటే ఒక్కో గడి తన తర్వాతి గడిని చూపించే గొలుసులో, లూప్ (మళ్ళీ వెనకటి గడికే తిప్పే చుట్టు) ఉందో లేదో కనిపెట్టమని. చదివిందే! కుందేలునీ తాబేలునీ ఒకేసారి వదలాలి. తాబేలు ఒక్కో అడుగు, కుందేలు రెండేసి. లూప్ ఉంటే ఎక్కడో ఒకచోట రెండూ కలుస్తాయి, లేకపోతే కుందేలు చివరికి పోయి ఆగుతుంది. ఈ కథలో కుందేలు నిద్రపోదు, అంతే తేడా.

కోడ్‌లో 'వైల్' అని కొట్టానో లేదో, తెర మీద ఎర్ర పట్టీ: ఒకటి కంటే ఎక్కువ ముఖాలు కనిపిస్తున్నాయి. మొదటి హెచ్చరిక.

అమ్మ వచ్చిందేమోనని వెనక్కి తిరిగా. ఎవరూ లేరు. గోడకి శ్రీరామ పట్టాభిషేకం పటం ఉంది, అంతే. ఇటు తిరిగేసరికి: చూపు తెర మీంచి మళ్ళింది. రెండో హెచ్చరిక.

ఆ పటం గురించి చెప్పాలి. అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్నది, దాదాపు కిటికీ అంత ఉంటుంది. సింహాసనం మీద సీతారాములు, చుట్టూ తమ్ముళ్ళు, సుగ్రీవుడు, విభీషణుడు, పాదాల దగ్గర హనుమంతుడు. దండ వెనక దాక్కున్నవాళ్ళని వదిలేసినా 13 ముఖాలు. వీళ్ళలో ఆ సాఫ్ట్‌వేర్ ఎవరిని అనుమానించిందో చెప్పదు. నాకైతే వసిష్ఠులవారి మీదే డౌటు. ఆ గడ్డం, ఆ ప్రశాంతత చూస్తే వెనక నిలబడి కోడ్ అందించే సీనియర్ ఆర్కిటెక్టులాగే ఉంటారు. జాంబవంతుణ్ణి ముఖం కింద లెక్కేసిందా లేదా అన్నది ఇంకో ప్రశ్న. దానికి మార్కుల్లేవు.

"అమ్మా, ఆ పటం దింపు" అన్నా, పెదాలు కదపకుండా.

"శుక్రవారం పూట దేవుడి పటం దింపుతార్రా?"

"పోనీ తువ్వాలు కప్పు."

"రాములోరి మొహం మీదా?"

ఇక మిగిలింది నా తలకాయే. సీతారాములకి అడ్డంగా పెడితే మోచెయ్యి పక్కనుంచి హనుమంతుడు తొంగి చూస్తున్నాడు. ఆయన్ని కప్పుదామని కిందికి జారితే పైనుంచి వసిష్ఠులు. ఈ కసరత్తులో కుందేలు ఎక్కడుందో, తాబేలు ఎక్కడుందో మర్చిపోయా. విసిగిపోయి లాప్‌టాప్ మూతని పైకి వంచా. కెమెరాలో ఫ్యానూ, నా నుదురూ మిగిలాయి. ముఖం కనిపించడం లేదు. మూడో హెచ్చరిక.

పరీక్ష మూసేశారు.

గోడని ఫొటో తీసి, జరిగింది మర్యాదగా రాసి హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టా. నిమిషంలో జవాబు. మెషీనే రాసింది, చదివిందో లేదో మాత్రం అనుమానమే. నా ఆసక్తికి ధన్యవాదాలట. వాళ్ళ నియామక ప్రక్రియ ఎలా ఉందో 5 చుక్కల్లో ఎన్ని వేస్తానో చెప్పాలట.

అమ్మ పూర్తిగా విని, పటం వైపు ఒకసారి చూసి, "బయటోళ్ళనుకున్నారేమో, మనోళ్ళేనని చెప్పకపోయావా?" అంది.