రంగులు తర్వాత, ముందు పిల్లల్ని లెక్కపెట్టండి

2022 జూన్‌లో మూడో క్లాస్‌కి వచ్చిన ఆంధ్రా పిల్లని ఒకర్ని తలచుకోండి. సరిగ్గా అప్పుడే 117 జీవో వచ్చింది, మూడు నాలుగు ఐదు క్లాసులు కిలోమీటర్ లోపున్న హైస్కూల్‌కి అన్నారు, ఆ పిల్ల బ్యాగ్ తగిలించుకుని వెళ్లింది. 2025లో కొత్త గవర్నమెంటు ఆ జీవో తీసేసి, క్లాసుకో టీచర్ ఉండే మోడల్ ప్రైమరీ స్కూల్ అని ఇంకో లెక్క మొదలుపెట్టేసరికి ఆ పిల్ల ఐదో క్లాస్ అయిపోయింది. అంటే జీవో పుట్టి పోయేలోపు ఒక బ్యాచ్ ప్రైమరీ చదువే అయిపోయింది.

బిల్డింగుల కథ మీకు తెలిసిందే. సర్కారు బడులు బాగుచేసే స్కీములు రెండు మొదలయ్యాయి, 2019 నవంబర్‌లో ఆంధ్రాలోని ఒంగోలులో నాడు-నేడు, 2022 మార్చిలో తెలంగాణలోని వనపర్తిలో మన ఊరు-మన బడి, ఈ రెండోదానికి 26,065 స్కూళ్లు, 7,289 కోట్లు అని లెక్క చెప్పారు. బాత్రూముల్లో నీళ్లొస్తే ఆడపిల్లలకి ఎంత మేలో నాకూ తెలుసు, ఆ ఖర్చు మీద గొడవే లేదు. కానీ ఆ బడిలో పదేళ్ల తర్వాత ఎంతమంది ఉంటారు అన్న మాట ఏ శిలాఫలకం దగ్గరా వినపడలేదు.

అదేమన్నా జాతకమా చెప్పలేకపోవడానికి? ఈ ఏడాది పుట్టిన బిడ్డ ఐదారేళ్లకి ఒకటో క్లాస్‌కి వస్తుంది, పేరు ఇప్పటికే అంగన్‌వాడీ టీచర్ రిజిస్టర్‌లో ఉంటుంది. ఐదారేళ్ల అడ్మిషన్ల లెక్క ఊళ్లోనే ఉంది, బడికి నాలుగడుగుల దూరంలో! బడుల వివరాలు ఎక్కించే మన యూడైస్ పోర్టల్‌లో మాత్రం ఇవాళ ఎంతమంది ఉన్నారో నింపడానికే సార్లకి సరిపోతుంది, రేపటి కాలమ్ ఎక్కడుంది? 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం సగటున ఒక్కో మహిళకి పుట్టే పిల్లలు ఆంధ్రాలో 1.7, తెలంగాణలో 1.8. పిల్లల్ని ఎక్కువ కనండి అని ఆంధ్రా ముఖ్యమంత్రే 2024లో పిలుపిచ్చారు, పంచాయతీ ఎన్నికల్లో ఇద్దరు పిల్లల రూలూ ఎత్తేశారు. జనాభా గురించి అంత బెంగ ఉన్నవాళ్లు అదే అంకె స్కూల్ ఫైల్లో ఎందుకు పెట్టరు? పైగా తగ్గడం అన్నిచోట్లా ఒకేలా ఉండదు, లోపలి ఊళ్లలో గదులు ఖాళీ అవుతుంటే సిటీ శివార్లలో కూలికొచ్చిన కుటుంబాల పిల్లలకి కూర్చునే చోటు చాలదు. గది ఒకసారి కట్టాక జరపలేం కదా.

అసలు కోపం ఇక్కడొస్తుంది. విద్యాహక్కు చట్టం 22వ సెక్షన్ ప్రకారం స్కూల్ డెవలప్‌మెంట్ ప్లాన్ రాయాల్సింది పేరెంట్స్ కమిటీ. మూడేళ్లకి, ఏ ఏడు ఎంతమంది పిల్లలు, ఎంతమంది టీచర్లు, ఎన్ని గదులు, ఎంత డబ్బు అని. కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులే. జరిగేదేంటంటే పైనుంచి స్కీమ్ వస్తుంది, కింద తీర్మానం బుక్కులో సంతకాలు పడతాయి, ఏం రాశారో సంతకం పెట్టినవాళ్లకే తెలీదు.

పదిమంది పిల్లలకి ఓ బడి, ఓ టీచరు వేస్ట్ కదా, విలీనం చేయక ఏం చేస్తారు అంటారు. నిజమే, కొన్ని కలపాలి. కానీ కలిపేదుంటే ఐదేళ్ల ముందే చెప్పండి, ఆటోనో బస్సో పెట్టండి. వచ్చే జూన్‌కి మూడో క్లాస్ ఊళ్లో ఉంటుందో లేదో తెలీకపోతే ఏ తల్లైనా ప్రైవేటు స్కూల్ బస్సే ఎక్కిస్తుంది, అప్పుడు అడ్మిషన్లు పడిపోయాయి అని అదే కారణం చూపించి బడి మూస్తారు.

నన్నడిగితే రోగం స్కూల్‌ది కాదు, పంచాయతీది. పంచాయతీల కోసం చేసిన రాజ్యాంగ 73వ సవరణ 1993లో అమల్లోకొచ్చింది, 11వ షెడ్యూల్‌లో పంచాయతీలకి ఇవ్వదగ్గ 29 అంశాల్లో 17వది చదువు, ప్రైమరీ హైస్కూల్ రెండూ కలిపి. ముప్పై ఏళ్లు దాటినా ఏ పార్టీ ముఖ్యమంత్రీ ఆ తాళం చెవి చేతిలోంచి వదల్లేదు, ఎందుకు వదుల్తారు, బడి గోడ మీద ఎవరి రంగు ఉండాలో తేలేది అక్కడే కదా. మన సర్పంచ్‌కి ఊరి బడిలో ఉన్న పవర్ ఆగస్టు 15న స్టేజీ మీద ఓ కుర్చీ. ఈసారి గ్రామసభలో ఎవరైనా లేచి అంగన్‌వాడీ రిజిస్టర్ తెప్పించమని అడగండి, ఆ పిల్లలు వచ్చేనాటికి ఎన్ని గదులు, ఎంతమంది సార్లు ఉంటారో సెక్రటరీ గారు ఏం చెప్తారో చూద్దాం.