తెలిసి తెలిసి తిరస్కరించారట!

'యేసు బిరుదుల వెనుక దాగిన ఆరు నిజాలు' అన్న సందేశం ఈ నెలలో నాకు నాలుగోసారి అందింది. పంపిన నలుగురూ బాగా చదువుకున్న మిత్రులే. నలుగురూ కింద 'తప్పక చదవండి' అని జోడించారు. చదివాను కాబట్టే ఈ జవాబు రాయవలసి వచ్చింది.

తేలికగా పోయేవాటిని ముందు చూద్దాం. 'క్రీస్తు' యేసు ఇంటిపేరు అన్నది మొదటి నిజం. ఆ కాలపు గలిలయలో మనిషిని తండ్రి పేరుతోనో ఊరి పేరుతోనో గుర్తుపట్టేవారు. సువార్తల్లో 'నజరేయుడైన యేసు' అని కనిపించేది అందుకే. నూనెతో అభిషేకం పొందినవాడు అనే అర్థమున్న 'మాషియహ్' అన్న హీబ్రూ మాటకు 'క్రిస్తోస్' గ్రీకు అనువాదం. ఈ సంగతిని యోహాను సువార్త మొదటి అధ్యాయమే విప్పి చెబుతుంది.

ఆ మాట 'కృష్ణ' నుంచి పుట్టిందన్నది రెండవ నిజం. 'క్రిస్తోస్' పూయడం అనే అర్థమున్న గ్రీకు క్రియ నుంచి వచ్చింది. 'కృష్ణ' నలుపును చెప్పే మాట, దాని చుట్టాలు స్లావు భాషల్లో నలుపుకు వాడే మాటలు. చెవికి దగ్గరగా వినిపించిన ప్రతి రెండు మాటలకూ బంధుత్వం కలపడం సరదా కాలక్షేపమే గాని భాషాశాస్త్రం కాదు. 'మాషియహ్' అక్షరాల విలువ, పాముకు వాడే హీబ్రూ మాట 'నాహాష్' విలువ రెండూ 358 అన్నది మూడవది. కూడి చూశాను, లెక్క తప్పలేదు. అక్షరాలకు అంకెలు కట్టే ఏ పద్ధతిలోనైనా ఇలాంటి జంటలు కావలసినన్ని దొరుకుతాయి. అంతకుమించి అందులో ఏమీ లేదు.

'మెస్సీయ' (పైన చెప్పిన 'మాషియహ్' మాటే) అంటేనే దేవుడని అర్థం అన్న నాలుగవ నిజం రాసినవారు సమూయేలు గ్రంథం తెరిచినట్టు లేరు. తనను చంపాలని తరుముతున్న సౌలు రాజు గుహలో చేతికి చిక్కినా, అతడు యెహోవా అభిషిక్తుడన్న (హీబ్రూలో అదే 'మాషియహ్') ఒక్క కారణంతో దావీదు చేయి ఎత్తలేదు. సౌలు దేవుడని దావీదు ఆ రోజు పొరపడలేదు. యాజకుడైన అహరోనుకూ అభిషేకం జరిగింది. యెషయా 45వ అధ్యాయమైతే, యెహోవాను ఎరుగని పారసీక రాజు కోరెషును సైతం 'అభిషిక్తుడు' అంటుంది. యేసు దైవత్వాన్ని నమ్మేవారికి యోహాను సువార్త తొలి వాక్యాల వంటి ఆధారాలు వేరే ఉన్నాయి. ఆ బరువంతా ఈ ఒక్క బిరుదు మీద మోపనక్కరలేదు.

'మనుష్యకుమారుడు' యేసు మానవత్వానికీ 'దేవుని కుమారుడు' దైవత్వానికీ గుర్తులన్న అయిదవ మాట వినడానికి ఎంతో పొందికగా ఉంటుంది. చిక్కంతా గ్రంథం అలా పంచుకోకపోవడమే. రెండవ కీర్తనలో 'నీవు నా కుమారుడవు' అన్న పలుకు సింహాసనమెక్కే రాజుకు చెప్పినది. నిర్గమకాండంలో ఇశ్రాయేలు ప్రజ మొత్తం దేవుని జ్యేష్ఠపుత్రుడే. ఇక దానియేలు ఏడవ అధ్యాయంలో 'ఆకాశమేఘారూఢుడై' వచ్చి నిత్యమైన ప్రభుత్వాన్ని పొందేది 'మనుష్యకుమారుని పోలిన' ఒకడు. ప్రధానయాజకుని ఎదుట యేసు అన్న మాటలకు మార్కు సువార్త తెలుగులో సరిగ్గా అదే 'ఆకాశమేఘారూఢుడై' ఉంది. అది వినే ఆ ప్రధానయాజకుడు దైవదూషణ అంటూ తన బట్టలు చింపుకున్నాడు. 'నేను మామూలు మనిషిని' అన్నందుకు ఎవరూ బట్టలు చింపుకోరు కదా! అయితే యెహెజ్కేలు ప్రవక్తను దేవుడు పదేపదే పిలిచిన పిలుపూ హీబ్రూలో 'మనిషి కొడుకు' అనే. అక్కడ అది ఉత్త మనిషి అన్న అర్థమే. మన అనువాదకులు అక్కడ 'నరపుత్రుడా' అనీ సువార్తల్లో 'మనుష్యకుమారుడు' అనీ వేరు చేయడంతో, తెలుగు పాఠకుడికి ఆ పోలిక కంటబడకుండా పోయింది.

ఇక ఆరవది. వీటన్నిటినీ నవ్వి ఊరుకోగలిగినా దీన్ని మాత్రం ఊరుకోలేను. 'మెస్సీయ అంటే ఏమిటో యూదులందరికీ ఒక్కటే స్పష్టమైన అర్థం తెలుసు. తెలిసి తెలిసి తిరస్కరించారు గనుక ఆ జాతికి శాపం తగిలింది' అట. ఒక్కటే స్పష్టమైన అర్థమా? 1947 నుంచి మృత సముద్రం దగ్గరి కుమ్రాను గుహల్లో బయటపడిన పాత యూదు గ్రంథపు చుట్టల్లో, అక్కడి యూదు సమాజపు నియమావళి అహరోను వంశపు మెస్సీయ, ఇశ్రాయేలు మెస్సీయ అని ఇద్దరి కోసం ఎదురుచూస్తుంది. క్రైస్తవులు మెస్సీయ గురించిన ప్రవచనంగా చదివే, బాధపడే సేవకుణ్ణి వర్ణించే యెషయా 53లో 'మాషియహ్' అన్న మాటే లేదు. 132లో రోముపై తిరుగుబాటు లేవదీసిన బార్ కోఖ్బాను యూదు మతగురువు రబ్బీ అకీవా మెస్సీయ రాజు అన్నప్పుడు, తోటి పండితుడు యోహానాను బెన్ తోర్తా 'అకీవా, నీ దవడల మీద గడ్డి మొలుస్తుంది, అప్పటికీ దావీదు కుమారుడు రాడు' అని ముఖం మీదే అన్నాడని యూదు పండితుల చర్చల సంకలనమైన యెరూషలేము తల్మూదు చెబుతుంది. ఒకే తరం పండితులే ఇలా వాదించుకున్న మాట, సందేశం రాసినవారికి మాత్రం గాజు పలకలా కనిపించింది. ధన్యులు!

పోనీ, శిష్యులకైనా తెలుసా? 'నీవు క్రీస్తువు' అని ఒప్పుకున్న పేతురే, ఆ క్రీస్తు శ్రమపడి చావాలన్న మాట వినగానే యేసును గద్దించి, 'సాతానా, నా వెనుకకు పొమ్ము' అనిపించుకున్నాడు. బాప్తిస్మమిచ్చే యోహాను చెరసాల నుంచి 'రాబోవువాడవు నీవేనా' అని కబురు పంపి అడిగించాడు. వెంట తిరిగినవారికీ దారి సిద్ధం చేసినవారికీ కలిగిన సందేహం, మిగిలినవారికి కలిగితే నేరమెలా అయింది? మొదట నమ్మినవారూ యూదులే అన్న సంగతి ఈ శాపం లెక్కలో ఎక్కడ వేశారో మరి. ఇది ఉత్త అజ్ఞానమైతే ఇంత రాయను. ఈ నిందనే నోట పెట్టుకుని 1096లో జర్మనీలోని రైన్ నది తీరపు పట్టణాల్లో యూదులను ఊచకోత కోశారు. 1965లో కతోలిక సంఘపు రెండవ వాటికన్ మహాసభ ఈ నిందను యూదులందరి మీదా మోపరాదని రాతపూర్వకంగా ప్రకటించింది. దానినే 'దాగిన నిజం' అని పేరుపెట్టి, మనం పూల బొమ్మతో కలిపి పంపుకుంటున్నాం.

చివరగా ఒక మాట వెనక్కి తీసుకోవాలి. ఇంటిపేరు సంగతిని నేను తొందరగా కొట్టిపారేశాను. యేసు తరువాత పాతికేళ్లు తిరగకముందే రాసిన పత్రికల్లో పౌలు 'క్రీస్తు'ను చాలాచోట్ల బిరుదులా కాక పేరులాగే వాడాడు. బయటివారూ దాన్ని పేరుగానే విన్నారు. అంతియొకయలో శిష్యులకు 'క్రైస్తవులు' అన్న పిలుపు వచ్చింది ఆ పేరు మీదే. నాలుగో శతాబ్దపు గ్రీకు బైబిలు రాతప్రతి అయిన సీనాయి ప్రతిని రాసిన లేఖకుడైతే ఆ మాటను మొదట 'క్రెస్తియానోయి' అని రాశాడు. 'క్రిస్తోస్'లాగే వినిపించినా అభిషేకంతో సంబంధం లేని 'క్రెస్తోస్' అన్న గ్రీకు మాటకు మంచివాడని అర్థం. బానిసలకు ఎక్కువగా పెట్టిన పేరు అది.