మీరు రాసింది కోడ్ కాదు, అర్జీ

మీ సీ ప్రోగ్రామ్‌ని కోడ్ అనుకుంటున్నారు. ముందు ఆ భ్రమ వదలండి. అది, మీ రాతని యంత్రభాషలోకి మార్చే కంపైలర్ గారికి పెట్టుకున్న అర్జీ. ‘మైనస్ ఓ2’ అని, అంటే వేగంగా నడిచేలా చెక్కమని (ఆప్టిమైజ్ చేయమని) అన్నాక ఏ లైను ఉంచాలో, ఏది కొట్టేయాలో, ఏది ఎక్కడికి జరపాలో వారి చిత్తం. ఫలితం మాత్రం మారదు. అదీ మీరు భాషా నియమాలు తప్పనంత వరకే.

నడిచే ప్రోగ్రామ్‌ని మధ్యలో ఆపి లోపల ఏముందో చూపే డీబగ్గర్ పాపం ఆ ఆఫీసులో గుమాస్తా. 41వ లైన్లో ఆగి ‘ప్రింట్ టోటల్’ అంటే ‘ఆప్టిమైజ్డ్ అవుట్’ అని వినయంగా చెబుతాడు. అబద్ధమేం కాదు. టోటల్ అనే వేరియబుల్ కాసేపు ప్రాసెసర్‌లోని ఒక చిన్న గదిలో, అంటే రిజిస్టర్లో, కాపురం ఉంది. పని కాగానే ఆ గది ఇంకొకరికి ఇచ్చేశారు. కోడ్‌లో ఏ అడ్రస్ నుంచి ఏ అడ్రస్ దాకా అది ఎక్కడుందో, డీబగ్ సమాచారం దాచే డ్వార్ఫ్ చిట్టాలో రాసే ఉంటుంది. మీరు ఆగిన అడ్రస్‌కి పద్దు లేదు, అంతే. ‘అప్’ కొట్టి, పిలిచిన ఫంక్షన్లో అదే విలువ మిగిలిందేమో వెతుక్కోండి.

తర్వాతి లైనుకి పొమ్మని ‘నెక్స్ట్’ కొట్టుకుంటూ పోతే 41, 44, 41, 38, మళ్లీ 44. గుమాస్తా తాగొచ్చాడని ఫిర్యాదు చేయకండి. లైన్ టేబుల్లో ఏ అడ్రస్ ఏ లైనుదో ఉంటుంది. ప్రాసెసర్ ఖాళీగా కూర్చోకూడదని కంపైలర్ మూడు లైన్ల ఇన్‌స్ట్రక్షన్లని పేకముక్కల్లా కలిపేస్తే, గుమాస్తా ఉన్నదున్నట్టు చదువుతున్నాడు. నమ్మకం కుదరకపోతే జీడీబీ అనే డీబగ్గర్లో ‘డిస్‌అసెంబుల్ స్లాష్ ఎస్’ కొట్టండి, కలిపిన పేక కళ్లముందు పరుస్తుంది.

బాణం గుర్తు కామెంట్ మీద ఆగిందా? డీబగ్ సమాచారంలో మామూలుగా ఉండేది ఫైలు పేరూ లైను నంబరూ, మీ సోర్స్ కాదు. బిల్డ్ అయ్యాక పైన రెండు లైన్లు చేర్చారు కాబట్టి అన్నీ రెండేసి లైన్లు తప్పాయి. ఎగ్జిక్యూటబుల్ కంటే సోర్స్ కొత్తదని జీడీబీ హెచ్చరించింది కూడా. హెచ్చరికలు చదివే అలవాటు మనకెక్కడిది!

డీబగ్ సమాచారం చేర్చమని ‘మైనస్ జీ’ పెడితే ప్రోగ్రామ్ నెమ్మదిస్తుందనే మహానుభావులు ఇంకా ఉన్నారు. జీసీసీ కంపైలర్లో ఓ2తో పాటు పెట్టినా నడిచే కోడ్ మారదు, ఫైలు లావెక్కుతుంది. ఆ లావు భరించలేకపోతే ‘ఆబ్జ్‌కాపీ’ అనే పనిముట్టుతో డీబగ్ భాగాన్ని వేరే ఫైల్లో దాచి, అసలు దాన్ని స్ట్రిప్ చేయండి, అంటే ఆ భాగం ఒలిచేయండి. దాచకుండా స్ట్రిప్ చేసి, క్రాష్ అయ్యాక మళ్లీ బిల్డ్ చేస్తే ఏ బిల్డో గుర్తుపట్టే బిల్డ్ ఐడీ కలవకపోవచ్చు. అప్పుడు గుమాస్తా చేతిలో ఫంక్షన్ పేర్ల బదులు ప్రశ్నార్థకాల జత తప్ప ఏమీ ఉండదు.

చివరికి విసిగి, ఏమీ చెక్కొద్దనే ‘మైనస్ ఓ0’కి దిగుతారు. ఫంక్షన్లోని వేరియబుల్స్ బుద్ధిగా మెమరీలోని స్టాక్‌లో కూర్చుంటాయి, లైన్లు వరసగా నడుస్తాయి, మీరు వెతుకుతున్న బగ్ మాయం! విలువ ఇవ్వని వేరియబుల్‌కి ఆ స్టాక్‌లో అదృష్టవశాత్తూ సున్నా దొరికింది మరి. మెమరీ తప్పులు పట్టే వాల్‌గ్రైండ్‌ని ‘ట్రాక్ ఆరిజిన్స్’తో నడిపితే ఆ చెత్త విలువ ఏ ఫంక్షన్లో పుట్టిందో లైను నంబరుతో సహా చెబుతుంది. ఓ2లో హెచ్చరికలు చూపమని ‘మైనస్ డబ్ల్యూ ఆల్’ పెట్టి ఉంటే జీసీసీయే ఆ వేరియబుల్ పేరు ముందుగా చెప్పి ఉండేదేమో. బిల్డ్ ఆదేశాలుండే మేక్‌ఫైల్ తెరిచి చూడండి, అక్కడ ‘మైనస్ డబ్ల్యూ’ అని చిన్న అక్షరం ఒక్కటే ఉంటుంది: నోరు మూసుకో అని.