అంకెలు రాకముందే రాయవలసిన వాక్యం

మనస్తత్వశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్న తిరుపతి అమ్మాయి ఒకరు ఈమధ్య తన సినాప్సిస్‌ను, అంటే పరిశోధన ప్రణాళికను, చదివి చెప్పమని నాకిచ్చారు. తిరుమల కంపార్ట్‌మెంట్లలో వేచి ఉండే భక్తుల ఆందోళన ఆమె ఎంచుకున్న విషయం. విషయం చక్కనిది. పరికల్పనల (హైపోథిసిస్‌ల) పేజీకి వచ్చేసరికి మాత్రం ఉసూరుమనిపించింది: స్త్రీ పురుషుల మధ్య సార్థకమైన (కేవలం యాదృచ్ఛికమని కొట్టిపారేయలేని) తేడా లేదు, పల్లెవాసులకూ పట్టణవాసులకూ మధ్య సార్థకమైన తేడా లేదు, ఇలా 9 వాక్యాలు. వీటిలో మీరు నిజంగా నమ్మేది ఏదని అడిగితే, కాసేపు ఆలోచించి, “ఏదీ కాదు సార్, ఫార్మాట్ అలాగే ఉంటుంది” అన్నారు.

ఇలా ‘తేడా లేదు’ అనే వాక్యాన్ని శూన్య పరికల్పన అంటారు. 1935లో గణాంకవేత్త రోనాల్డ్ ఫిషర్ వాడుకలోకి తెచ్చిన ఇది గణాంక పరీక్షకు పనికొచ్చే ఒక ఏర్పాటు. పరిశోధకుడు తన మాటగా చెప్పవలసినది వేరే ఉంటుంది. ఏం తెలుసుకోవాలనుకుంటున్నామో లక్ష్యం చెబుతుంది. ఏం తేలుతుందని, ఎందుకు తేలుతుందని అనుకుంటున్నామో పరికల్పన ముందుగానే చెప్పి, తప్పు కావడానికి సిద్ధపడుతుంది. ఆ సిద్ధపాటు లేని వాక్యం ఎన్ని పేజీలు నింపినా పరికల్పన అనిపించుకోదు.

ఆమె విషయాన్నే తీసుకుందాం. ఎంతసేపు వేచి ఉండాలో తెలియకపోవడమే మనిషిని ఎక్కువ వేధిస్తుందని మన ఊహ అనుకుందాం. వెంటనే విష్ణు నివాసం, శ్రీనివాసంలలో ఇచ్చే టైమ్ స్లాట్ టోకెన్లున్న వారినీ లేని వారినీ పోల్చాలనిపిస్తుంది. కానీ టోకెన్ సంపాదించినవారు ముందుగా వచ్చి ఉండవచ్చు, స్థానికులై ఉండవచ్చు, పిల్లలు లేకుండా వచ్చి ఉండవచ్చు; అప్పుడు తేడా కనిపించినా అది దేని వల్లనో చెప్పలేము. అందుకని వాక్యం ఇలా బిగుసుకోవాలి: టోకెన్ లేకుండా కంపార్ట్‌మెంట్‌లోకి వచ్చిన వారిలో, ఇంకా ఎంతసేపు వేచి ఉండాలో మనం చెప్పిన కంపార్ట్‌మెంట్ల వారి ఆందోళన స్కోరు, చెప్పని కంపార్ట్‌మెంట్ల వారి స్కోరు కన్నా తక్కువగా ఉంటుంది. స్కోరంటే ఏమిటో కూడా అక్కడే తేల్చాలి. మనస్తత్వవేత్త స్పీల్‌బర్గర్ రూపొందించిన ఆందోళన మాపనిలో తక్షణ ఆందోళనకు 20 వాక్యాలుంటాయి, మొత్తం 20 నుంచి 80 వరకూ వస్తుంది. ఒళ్లో పసిబిడ్డతో కూర్చున్న తల్లి ఆ 20 వాక్యాలకూ జవాబివ్వగలదా అన్న ప్రశ్న పరికల్పన రాసేటప్పుడే ఎదురవుతుంది. ఎదురవ్వాలి కూడా.

ఆ 9 వాక్యాల పద్ధతిలో అసలు ప్రమాదం మరొకటి. ఏ తేడా నిజంగా లేకపోయినా, 0.05 స్థాయిలో (అంటే లేని తేడాను ఉందని పొరబడే అవకాశం ఒక్కో పరీక్షకు 5 శాతం ఉండేలా) ఒకదానిపై ఒకటి ఆధారపడని 9 పరీక్షలు చేస్తే కనీసం ఒకటి సార్థకమని తేలే అవకాశం దాదాపు 37 శాతం. తేలిన ఆ ఒక్కదానికీ చివరి అధ్యాయంలో ఒక కారణం అల్లుతారు. పెళ్లి జరిగిపోయాక జాతకాలు తెప్పించి పొంతన కుదిరిందని చెప్పడం లాంటిదిది. ఫలితం తెలిశాక పరికల్పన రాసే ఈ అలవాటును మనస్తత్వవేత్త నార్బర్ట్ కెర్ 1998లోనే ఎండగట్టారు. 2015లో 100 మనస్తత్వశాస్త్ర అధ్యయనాలను మళ్లీ చేసి చూస్తే, మొదట 97 శాతం సార్థకమని ప్రచురితమైన చోట 36 శాతమే నిలిచాయి. దానికి కారణాలు అనేకం, కానీ ఈ అలవాటును నిర్దోషిగా వదిలేయడం కష్టం.

కొత్త విషయంలో తేడా ఎటువైపు ఉంటుందో ముందే ఎలా చెప్పగలం, అంకెలకు బదులు మాటలనూ అనుభవాలనూ పరిశీలించే గుణాత్మక పరిశోధనలో పరికల్పనే అక్కరలేదు కదా అని కొందరు ఆచార్యులంటారు. నిజమే. అలాంటప్పుడు ఇది అన్వేషణ అని పైన రాసి, పరికల్పనల పేజీ తీసేయవచ్చు. ఉన్నట్టు నటించడం దేనికి?

ఈ నటన పీహెచ్‌డీలో మొదలైంది కాదు. ఒక ప్రశ్నకు నాలుగు జవాబులిచ్చి, తప్పు పెడితే మార్కు కోసే చదువుల్లో పదేళ్లు పెరిగిన పిల్ల, సొంత ఊహను కాగితం మీద పెట్టి తప్పయితే ఏం చేయాలని భయపడడంలో వింతేముంది? ఆమె నన్ను అడిగిందీ అదే: “తేడా రాకపోతే వైవాలో (మౌఖిక పరీక్షలో) ఏమంటారు సార్?” అడగవలసిన మొదటి ప్రశ్న వేరే ఉందని నా అభిప్రాయం. పరికల్పనల పేజీ మీద గైడ్ సంతకం, తేదీ ఉండాలి. ఆ తేదీ భక్తులతో మొదటి ప్రశ్నావళి నింపించిన రోజు కన్నా ముందుదా కాదా అని పరీక్షకులు వైవాలో అడగాలి.