ఫ్లాంజ్‌కి నట్లేవమ్మా?

మా అమ్మాయి హైదరాబాద్‌లో వీఆర్ (వర్చువల్ రియాలిటీ) సాఫ్ట్‌వేర్ డిజైన్ చేస్తుంది. కళ్లకు హెడ్‌సెట్ తగిలించుకుంటే ఫ్యాక్టరీలో నిలబడ్డట్టే ఉంటుంది. ట్యాంకుల్లోకి దిగి పనిచేసేవాళ్లకు అందులో సేఫ్టీ ట్రైనింగ్ ఇస్తారు. మా బావమరిది విశాఖ చుట్టుపక్కల ప్లాంట్లలో సేఫ్టీ ఆఫీసరుగా చేసి రిటైరయ్యాడు. పండక్కి గాజువాకలో వాళ్లింటికి వెళ్లినప్పుడు ఆ హెడ్‌సెట్ పెట్టుకుని అరగంట చూశాడు. తీసి, ముఖం తుడుచుకుని, మొదలుపెట్టాడు. ఇద్దరూ నావాళ్లే కాబట్టి నేను నోరు మెదపలేదు.

మావయ్య: అంతా బాగుందమ్మలూ. రెండు పైపుల్ని కలిపే ఈ ఫ్లాంజ్‌కి నట్లేవి?

మేనకోడలు: తీసేశాం మావయ్యా. కంపెనీవాళ్లిచ్చే త్రీడీ డ్రాయింగ్‌లో ప్రతి బోల్టూ ఉంటుంది. కానీ ఈ హెడ్‌సెట్‌లో ఉన్నది ఫోన్‌లో ఉండేలాంటి చిప్. అది సెకనుకు 72 సార్లు, రెండు కళ్లకూ విడివిడిగా బొమ్మ గీయాలి. ఒక్కో సారికి 14 మిల్లీసెకన్లు కూడా దొరకవు. ఆలస్యమైతే మనం తల తిప్పాక బొమ్మ తిరుగుతుంది, కడుపులో దేవేస్తుంది. అందుకని అక్కర్లేనివి తగ్గిస్తాం.

మావయ్య: నట్లు అక్కర్లేనివా? ఎనిమిది బోల్టులుండాల్సిన చోట నాలుగే బిగించి టీకి వెళ్లిపోయారా, ఫ్లాంజ్‌ల మధ్య పైపు దారి మూసే బ్లైండ్ పలక వేశారా, వేశామని కాగితం మీద రాసేశారా... ఫిట్టర్ కన్ను ముందు పోయేది అక్కడికే. ఆకాశంలో మబ్బులు మాత్రం ఎంత ముద్దుగా పెట్టారో! అవి తీసేసి నట్లు పెట్టండి.

మేనకోడలు: మబ్బులు ఒక్క ఫొటో అండీ, వాటికి ఖర్చు లేదు. నట్లకే ఖర్చు.

మావయ్య: మరి ఖర్చు పెట్టు.

(ఇక్కడే మా అమ్మాయి ఫోన్ తీసి ఏదో రాసుకుంది. ఓడిపోయానని ఒప్పుకోదు గానీ, రాసుకుంటుంది. వాళ్లమ్మ పోలిక.)

మేనకోడలు: సరే, నట్లు పెడతాం. మీరిచ్చే ట్రైనింగ్ ఎలా ఉంటుందో కూడా నాకు తెలుసు కదా. ఏసీ గదిలో అరవై స్లైడ్లు. ఒడిశా నుంచి, జార్ఖండ్ నుంచి వచ్చిన కుర్రాళ్లకు తెలుగూ ఇంగ్లీషూ కలిపి గంటసేపు చెప్పి, రిజిస్టరులో వేలిముద్ర వేయించుకుంటారు. మర్నాడు ట్యాంకులోకి దింపుతారు. మా దాంట్లో ఒడియాలో చెప్పొచ్చు, హిందీలో చెప్పొచ్చు. చదువు రాకపోయినా పర్లేదు.

మావయ్య: కాదనను. ఆ స్లైడ్లు నేనే వేశాను, నాకే నిద్రొచ్చేది. కానీ నీ ఆటలో వాల్వ్ ఎలా మూస్తారు? మీట నొక్కితే మూసుకుపోతోంది. ఒక పెద్ద గేట్ వాల్వ్ పూర్తిగా మూయాలంటే చక్రం ఎన్ని చుట్లు తిప్పాలో తెలుసా? తుప్పుపట్టి ఉంటే ఇద్దరు మనుషులు వేలాడినా కదలదు. ఒక్క నొక్కుతో అయిపోయే పని అని చేతికి అబద్ధం నేర్పుతున్నావు.

మేనకోడలు: చేతికి నేర్పడం మా పని కాదు మావయ్యా, అది ప్లాంట్‌లోనే వస్తుంది. మేం నేర్పేది వరస. లైను విడదీశావా, బ్లైండ్ వేశావా, గాలి ఆడించావా, గ్యాస్ టెస్ట్ చేశావా, పర్మిట్ ఉందా, పైన కాపలా మనిషి ఉన్నాడా... గ్యాస్ మీటరు మ్యాన్‌హోల్ దగ్గర పెట్టి, ఆక్సిజన్ 20.9 శాతం చూపించింది కదాని దిగితే? హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు గాలికన్నా బరువు, అడుగున ఉంటుంది. పైన, మధ్యలో, కింద మూడుచోట్లా చూడాలి. ట్రైనింగ్ అయ్యాక మా సాఫ్ట్‌వేర్ అదే ట్యాంకును మళ్లీ చూపిస్తుంది. ఈసారి గ్యాస్‌కి రంగేసి. నువ్వు ఎక్కడ నిలబడ్డావు, అది నీ మోకాళ్ల దాకా ఎప్పుడొచ్చింది అన్నీ కనిపిస్తాయి. నిజం ట్యాంకులో అది చూపించగలరా మీరు?

(ఈ దెబ్బకు మా బావమరిది కాసేపు మాట్లాడలేదు. నాకు తెలిసి ముప్పై ఏళ్లలో అది రెండోసారి.)

మావయ్య: ఇది మాత్రం మంచి పని. తర్వాత చూపిస్తున్నావు కాబట్టి. ముందే చూపిస్తే పాడుచేసినట్టే. నీ మొదటి సీనులో ప్రమాదం ఉన్నచోటల్లా ఎర్ర బాణం మెరుస్తోంది. హైడ్రోజన్ సల్ఫైడ్ మొదట కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది. వంద పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో వంద పాళ్ల దగ్గరికొచ్చేసరికి ముక్కే చచ్చిపోతుంది, వాసన పోయింది కదా గ్యాసూ పోయిందనుకుంటాడు. బాణాలకు అలవాటుపడ్డవాడు బాణం లేనిచోట ధీమాగా నడుస్తాడమ్మా.

మేనకోడలు: బాణాలు మొదటి పాఠంలోనే. తర్వాత తీసేస్తాం.

మావయ్య: ఇంకోటి. మనిషి పడిపోతాడు, తెర ఎర్రబడుతుంది, కింద బటన్ వస్తుంది: మళ్లీ ప్రయత్నించండి. మళ్లీనా?

మేనకోడలు: పైలట్లకు ఎలా నేర్పుతున్నారు మరి? 1929లో ఎడ్విన్ లింక్ అనే అమెరికావాడు నేల మీదే ఊగే విమానం బొమ్మ చేస్తే అందరూ సంతలో ఆటవస్తువనుకున్నారు. 1934లో అమెరికా సైన్యం విమానాల్లో ఉత్తరాలు మోసే పని నెత్తికెత్తుకుంది. చలికాలపు మబ్బుల్లో పైలట్లు వరసగా కూలిపోయారు. అప్పుడు అదే బొమ్మలు ఆరు కొన్నారు. చావు ఖర్చు లేకుండా తప్పు చేసే చోటు ఒకటి ఉండాలండీ.

మావయ్య: మబ్బులో పైలట్ చూసేది డయల్స్. బొమ్మలోనూ అవే డయల్స్. అక్కడ నేర్చుకున్నది ఇక్కడ సరిపోతుంది. ట్యాంకులోకి దిగేవాడు వినేది, మొయ్యేది, చెమట కళ్లలో పడి చూడలేనిది... అవి నీ డబ్బాలో ఎక్కడున్నాయి?

మేనకోడలు: అన్నీ లేవు. ఒకటి ఉంది. పై నుంచి కాపలా కాసే మనిషి సీను. లోపలున్న జతగాడు పడిపోతాడు. పేరుపెట్టి పిలుస్తాడు. ట్రయల్‌కి మొదట వచ్చిన నలుగురూ దిగిపోయారు మావయ్యా. దిగకూడదని వాళ్లకు నోటికొచ్చు.

(ఆ మాటతో గొంతులు తగ్గాయి. మా బావమరిది పనిచేసిన ఒక చోట సంప్‌లో ఒకడు పడిపోతే ఇంకొకడు దిగాడు. ఎక్కడని అడిగినా చెప్పడు. ఇద్దరి చెప్పులూ గట్టు మీద పక్కపక్కనే ఉన్నాయని మాత్రం మా ఆవిడతో ఒకసారి అన్నాడట.)

మావయ్య: దిగుతారు. అమెరికాలో నియోష్ అనే సంస్థ 1986లోనే రాసింది, ఇలాంటి చోట్ల పోయేవాళ్లలో 60 శాతం పైగా కాపాడబోయి దిగినవాళ్లేనని. దిగితే నువ్వేం చేశావు?

మేనకోడలు: మార్కులు తగ్గించాం.

మావయ్య: జతగాడి కోసం దూకినవాడికి మైనస్ మార్కులా? వాడు నీ మార్కుల్ని లెక్కచేస్తాడా? ఆగు అంటే ఆగడమ్మలూ. చేతికి పనివ్వాలి. మ్యాన్‌హోల్ మీద మూడుకాళ్ల స్టాండు ఉంటుంది, దానికి తాడు చుట్టి పైకి లాగే విన్చ్. లోపలివాడి ఒంటికి బిగించిన హార్నెస్ పట్టీలకి ఆ తాడు కట్టి ఉంటుంది. పిలుపు వినగానే ఈ చెయ్యి హ్యాండిల్ మీదికి, ఆ చెయ్యి హారన్ మీదికి పోవాలి. నీ సీనులో విన్చ్ ఏది?

మేనకోడలు: ...లేదు. హారన్ మాత్రం ఉంది.

మావయ్య: మరి దిగక ఏం చేస్తాడు? నువ్వే దింపావు.

(మళ్లీ ఫోన్. ఈసారి చాలాసేపు రాసుకుంది.)

మావయ్య: ఆ మార్కులు ఎవరికి వెళతాయి?

మేనకోడలు: కంపెనీకి. డ్యాష్‌బోర్డులో పేరు, సమయం, ఎక్కడ తడబడ్డాడు అన్నీ ఉంటాయి.

మావయ్య: కంపెనీ నుంచి కాంట్రాక్టరుకి. తక్కువొచ్చినవాడికి మర్నాడు గేట్‌పాస్ ఉండదు. భోపాల్ అయ్యాక 1987లో ఫ్యాక్టరీల చట్టంలో 111ఎ సెక్షన్ చేర్చి, శిక్షణ పొందడం కార్మికుడి హక్కన్నారు. నువ్వు దాన్ని ఎంట్రన్స్ పరీక్ష చేస్తున్నావు. తప్పు చేసే చోటు కావాలని ఇందాక నువ్వే అన్నావు కదా? అక్కడ కూలి పోతుందని తెలిస్తే ఎవడు తప్పు చేస్తాడు? బాగా వచ్చినవాడు పక్కవాడి హెడ్‌సెట్ కూడా పెట్టుకుని పరీక్ష రాసేస్తాడు. మా రిజిస్టరులో ఒక్కడే నలుగురి వేలిముద్రలూ వేసేవాడు.

మేనకోడలు: మార్కులు చూపించకపోతే వాళ్లు కొనరు మావయ్యా. వాళ్లకు ఆడిట్‌లో చూపించడానికి ఏదో ఒకటి కావాలి.

మావయ్య: అయితే అమ్మకు.

మేనకోడలు: నేను అమ్మకపోతే స్లైడ్లు వేసే దింపుతారు. ఆ నలుగురూ అలాగే దిగుతారు, నిజం ట్యాంకులో.

మావయ్య: పేర్లు తీసేసి ఇవ్వు. ఎంతమంది తడబడ్డారో చెప్పు, ఎవరో చెప్పకు.

మేనకోడలు: అడిగాం. కుదరదన్నారు.

మావయ్య: మళ్లీ అడుగు.

(భోజనాలకు లేచాం. చేతులు కడుక్కుంటూ ఇద్దరూ మళ్లీ మొదలెట్టారు.)

మావయ్య: ఆదివారం దాన్ని పట్టుకురా. విన్చ్ హ్యాండిల్ ఎటు తిరగాలో, ఎంత బరువుండాలో చెబుతాను. ఆ పిలిచే గొంతు ఎవరిది?

మేనకోడలు: మా ఆఫీసులో అబ్బాయిది. తెలుగులో.

మావయ్య: ఒడియావాళ్లకి ఒడియాలో పిలిపించు. మార్కుల సంగతి మాత్రం నేను ఒప్పుకోను.

మేనకోడలు: నేనూ అమ్మడం మానను.