కారణం: ఇతరములు

ఓ ఇరవై నిమిషాల క్రితం ఒక అప్లికేషన్ ఫారం నన్ను బయటికి గెంటేసింది. ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది, అందుకే ఇక్కడ కక్కేస్తున్నా. భరించండి.

అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టు. యూనివర్సిటీ పేరు చెప్పను. చెప్పినా ఒరిగేదేం లేదు, అన్నీ ఆ తాను ముక్కలే. డిగ్రీలు, థీసిస్, పేపర్లు అన్నీ బుద్ధిగా నింపుకుంటూ వచ్చా. అప్పుడొచ్చింది: 'సర్వీసులో విరామం ఉన్నచో కారణం'. నొక్కితే కింద వరుసగా ఉన్నత విద్య, డెప్యుటేషన్, అనారోగ్యం, క్రమశిక్షణా చర్య, ఇతరములు.

మళ్లీ చదవండి. క్రమశిక్షణా చర్య ఉంది. అంటే ఏదో వెధవ పని చేసి సస్పెండైన పెద్దమనిషి కోసం ఎవరో కూర్చుని ఆలోచించి ఒక ఆప్షన్ పెట్టారు. బిడ్డను కన్నదాని గురించి మాత్రం ఎవరికీ తట్టలేదు. నేను 'ఇతరములు'. దాన్ని నొక్కితే ఒక బుల్లి పెట్టె తెరుచుకుంది, 150 అక్షరాల్లో వివరించాలట. ఖాళీలు కూడా లెక్కే. నాలుగేళ్లను నూటయాభై అక్షరాల్లోకి కుక్కే ప్రయత్నంలో ఉండగానే సెషన్ ముగిసిందని చెప్పి పేజీ మాయం. మళ్లీ మొదటి నుంచి.

అసలు ఈ 'విరామం' అన్న మాట ఎవరు పెట్టారో వాళ్లని ఒక్క వారం మా ఇంట్లో ఉంచాలి. ఒక్కటే వారం. విరామం అంటే కాళ్లు చాపుకుని కూర్చోవడం కాదా? నేను వరసగా నాలుగు గంటలు నిద్రపోయిన రాత్రి ఏదో గుర్తు తెచ్చుకోవాలంటే కష్టం. మరి సబాటికల్ అని, పరిశోధన కోసం జీతంతో ఇచ్చే సెలవు మీద ఏడాది పాటు వెళ్లి, రాస్తానన్న పుస్తకంలో ముందుమాట కూడా రాయకుండా తిరిగొచ్చే ప్రొఫెసర్లను గ్యాప్ గురించి ఎవరైనా అడిగారా? అడగరు. అది మేధోమథనం. మాది గ్యాప్.

ఇక ఉచిత సలహాల బ్యాచ్. "ఇంట్లోనే ఉన్నావు కదా, రెండు పేపర్లు రాసుకోవాల్సింది." ఎలా రాయాలి నాయనా? ఉద్యోగం వదిలిన వెంటనే ఆఫీసు మెయిల్ పోయింది. మెయిల్‌తో పాటు లైబ్రరీ లాగిన్ పోయింది, అంటే జర్నల్స్ పోయాయి. సొంత పేపర్ పీడీఎఫ్ చదవాలన్నా డబ్బు కట్టమంది, నేను రాసిందే! సాఫ్ట్‌వేర్ లైసెన్సు పోయింది. ఫ్రీజర్‌లో నా నమూనాలు ఇంకొకరికి చోటు కావాలని చెత్తలోకి పోయాయి. ఇవన్నీ దాటుకుని ఏదో రాసినా, పేరు కింద 'సంస్థ' అన్న గడిలో ఏం పెట్టాలి? ఫలానా వంటగది అనా?

ఇంకో బ్యాచ్ మేరీ క్యూరీని ఫార్వర్డ్ చేస్తుంది. ఇద్దరు ఆడపిల్లల్ని పెంచుతూ రెండు నోబెళ్లు కొట్టిందమ్మా అని. కొట్టింది, కాదన్నదెవరు? కానీ ఆ ఇంట్లో మామగారున్నారు. డాక్టర్ యూజీన్ క్యూరీ. 1897లో పెద్దపిల్ల ఐరీన్ పుట్టాక వాళ్ల దగ్గరికే వచ్చేసి, 1910లో పోయేదాకా మనవరాళ్లని చూసుకున్నారు. ఈ ముక్క మాత్రం ఏ ఫార్వర్డ్‌లోనూ ఉండదు. అలాంటి మామగారిని పంపించండి, నోబెల్ సంగతి తర్వాత చూద్దాం.

మారియా గెప్పర్ట్ మేయర్ అయితే ఏళ్ల తరబడి జీతం లేకుండా పనిచేసి, 1960లో గానీ పూర్తి స్థాయి ప్రొఫెసర్ కాలేదు. 1963లో ఫిజిక్స్ నోబెల్ వస్తే ఆవిడ ఊరి పత్రిక పెట్టిన హెడ్డింగ్ ఏంటో తెలుసా? శాన్ డియాగో తల్లికి నోబెల్ అని. పరమాణు కేంద్రకం గుట్టు విప్పినా తల్లే. ఫారంలో మాత్రం తల్లి అన్న ఆప్షన్ ఉండదు. చూశారా తమాషా?

చేయాలనుకుంటే చేయలేని పనేం కాదిది. పరిశోధనలకు డబ్బిచ్చే యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్ వాళ్లు, దరఖాస్తుకు పీహెచ్‌డీ తర్వాత ఇన్నేళ్లలోపు అని పెట్టిన గడువును తల్లులకు ఒక్కో బిడ్డకు 18 నెలలు పొడిగిస్తారు. బ్రిటన్‌లో డాఫ్నీ జాక్సన్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ పేరుతో ఫెలోషిప్‌లున్నాయి, వాటికి కనీసం రెండేళ్ల విరామం ఉండటమే అర్హత. అర్హత! ఇక్కడ నేను దాచుకోవాల్సింది అక్కడ చూపించుకోవాలి. అలాగని అక్కడంతా స్వర్గం అనుకోకండి. అమెరికాలో పేరున్న ఎకనామిక్స్ విభాగాల్లో పిల్లలు పుడితే తల్లికీ తండ్రికీ సమానంగా టెన్యూర్, అంటే ఉద్యోగం పర్మనెంట్ కావడానికి పెట్టిన గడువు పెంచారు. తీరా 2018లో వచ్చిన అధ్యయనం చూస్తే, టెన్యూర్ దొరకడం మగవాళ్లకు పెరిగింది, ఆడవాళ్లకు తగ్గింది. అయ్యగార్లు ఆ అదనపు కాలంలో పేపర్లు రాసుకున్నారు మరి. పెరిగిన గడువు ఇద్దరికీ ఒకటే, చంకలో బిడ్డ ఒకరికే.

సరే, మళ్లీ లాగిన్ అయ్యా. తర్వాతి గడి: 'గత అయిదేళ్ల ప్రచురణలు'.

ఇక్కడ ఆగిపోయా. నిజం చెప్పాలంటే ఈ మంటంతా దీనిదే, ఆ ఆప్షన్ల గొడవ ఉత్త సాకు.

నేల బ్యాక్టీరియా మీద మూడేళ్ల పని నాది. నమూనాలు తవ్వింది నేను, డేటా శుభ్రం చేసింది నేను, డ్రాఫ్ట్‌లో మొదటి పేరు నాది. జర్నల్ తరఫున పేపర్‌ని పరిశీలించే రివ్యూయర్లు లెక్కలన్నీ మళ్లీ చేయమన్నప్పుడు పాపకు అయిదు వారాలు. ఒడిలో దాన్ని పెట్టుకుని ఒంటిచేత్తో పదకొండు పేజీల జవాబు కొట్టా. ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగలేదు, నేనూ అడగలేదు, ఒళ్లు తెలిస్తే కదా. పేపర్ అచ్చయ్యాక ఒక ఫ్రెండ్ లింకు పంపింది. మొదటి పేరు రెండు బొమ్మలు గీసిన కుర్రాడిది. నా పేరు కోసం వెతికితే చిట్టచివర కృతజ్ఞతల్లో దొరికింది. సాంకేతిక సహాయానికట!

మా పీహెచ్‌డీ గైడ్ సర్‌కి ఫోన్ చేశా. ఆయన గొంతులో ఎంత ప్రేమో! "పసిపిల్లతో ఉన్నావు కదమ్మా, నిన్నెందుకు ఇబ్బంది పెట్టాలని... అయినా నువ్విప్పట్లో వెనక్కి రావు కదా." థాంక్యూ సర్ అన్నా. అవును, అన్నా. నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపించేది ఆ మాటకే. తిట్టలేదు, గట్టిగా అడగలేదు, థాంక్యూ అన్నా.

సరిగ్గా ఈ అయిదేళ్ల గడిలో పడాల్సిన పేపర్ అది. అది లేకపోతే గడిలో ఏముంది? సున్నా. రేపు కమిటీలో ఎవరో కళ్లజోడు సర్దుకుంటూ "రీసెంట్‌గా ఏం లేవేంటమ్మా?" అంటారు. కమిటీ అన్నాక అలాంటివాడు ఒకడు ఉండి తీరతాడు. ఆ కుర్రాడి సంగతా? ఇప్పుడు అసోసియేట్ ప్రొఫెసర్. ఎవరికి తెలుసు, ఆ కళ్లజోడు అతనిదే కావచ్చు.

ఇంకా అయిపోలేదు. ఆఖరి పేజీలో సిఫార్సు లేఖలు, రెండు. అందులో ఒకటి పీహెచ్‌డీ గైడ్‌దే అయి ఉండాలట, తప్పనిసరి.

గడువు రేపు రాత్రి. మెయిల్ తెరిచా. 'రెస్పెక్టెడ్ సర్' అని కొట్టా. కామా కూడా పెట్టా.

ఆ తర్వాతి వాక్యం రాక, వచ్చి ఇదంతా రాశా.