టీకా అడిగే కాలేజీయే టీకా వేయించాలి

కాలేజీలో చేరి పది రోజులు కూడా కాలేదు. రాత్రి తొమ్మిదింటికి హాస్టల్ గదిలో ఓ కుర్రాడికి ఒళ్లు కాలిపోతుంటుంది, తల పగిలిపోతుంటుంది. అరచేతులు, పాదాలు మాత్రం మంచులా చల్లగా ఉంటాయి. ఫ్లూ అయి ఉంటుందిలే, పడుకుంటే తగ్గుతుందని స్నేహితులు ఓ మాత్ర ఇచ్చి, దుప్పటి కప్పి, నిద్ర పాడవకూడదని లైటు తీసేసి బయటికొస్తారు. తెల్లారేసరికి కాళ్ల మీద ఎర్రటి చుక్కలు, అక్కడక్కడా ఊదారంగు మచ్చలు. మామూలు దద్దుర్లయితే గాజు గ్లాసు ఆనించి అదిమినప్పుడు రంగు తగ్గుతాయి. ఇవి తగ్గవు. చర్మం కింద రక్తం చిమ్మిన గుర్తులవి.

మెనింగోకాకల్ జబ్బు తరచూ ఇలాగే మొదలవుతుంది. మెనింగోకాకస్ అనే బ్యాక్టీరియా వల్ల మెదడు పొరలు వాచడం (మెనింజైటిస్), లేదా అది రక్తంలోకి పాకడం ఈ జబ్బు. తొలి లక్షణం కనిపించిన 24 గంటల్లోపే ప్రాణం తీయగలదు. సరైన యాంటీబయాటిక్స్ అందినా నూటికి 10 నుంచి 15 మంది దక్కరు. బతికి బయటపడ్డ ప్రతి ఐదుగురిలో ఒకరికి చెవుడో, మెదడు దెబ్బతినడమో, వేళ్లో కాళ్లో తీసేయాల్సి రావడమో జీవితాంతం మిగిలిపోతుంది. ఆ స్నేహితులది తప్పనలేం. ఆ రాత్రి వాళ్లకు తెలియాల్సిన సంగతి ముందుగా ఎవరూ చెప్పలేదు. ఆ కుర్రాడికి పడాల్సిన సూది ఎవరూ వేయలేదు.

కాలేజీ విద్యార్థులకు టీకాలు తప్పనిసరి చేయాలా వద్దా అన్న చర్చ వచ్చినప్పుడల్లా మాటలన్నీ హక్కుల చుట్టూ, బలవంతం చుట్టూ తిరుగుతాయి. అవి తీసిపారేయాల్సిన మాటలు కావు, వాటి దగ్గరికీ వస్తాం. కానీ చర్చ మొదలవ్వాల్సింది ఆ హాస్టల్ గదిలో. నిబంధన ఉండి తీరాలన్నది మా అభిప్రాయం. అయితే నిబంధన పెట్టిన కాలేజీ, టీకా వేయించే బాధ్యతను కూడా నెత్తిన వేసుకోవాలి. సర్టిఫికెట్ తెచ్చుకో, లేదంటే సీటు లేదు అని చెప్పి చేతులు దులుపుకుంటామంటే ఒప్పుకోలేం.

టీకాలు చిన్నపిల్లల వ్యవహారం కదా, పద్దెనిమిదేళ్లొచ్చాక మళ్లీ ఎందుకని చాలామంది తల్లిదండ్రులు అడుగుతారు. దీనికి నాటింగ్‌హామ్ యూనివర్సిటీలో 1997లో జరిగిన ఓ అధ్యయనం చక్కటి జవాబు. కొత్తగా చేరిన విద్యార్థుల గొంతుల నుంచి పరిశోధకులు నమూనాలు తీసి చూశారు. మొదటి రోజు ఈ బ్యాక్టీరియాను గొంతులో మోస్తున్నవారు 6.9 శాతం. రెండో రోజుకి 11.2. మూడో రోజుకి 19. నాలుగో రోజుకి 23.1 శాతం. నాలుగంటే నాలుగు రోజుల్లో మూడింతలు దాటింది! అలా మోసేవారిలో దాదాపు అందరూ ఆరోగ్యంగానే ఉంటారు, తమ గొంతులో అదుందనే వాళ్లకు తెలియదు. ఊళ్లకు ఊళ్లు దాటి వచ్చిన పిల్లలు ఒకే గదిలో పడుకుంటారు, ఒకే సీసాలో నీళ్లు తాగుతారు, అర్ధరాత్రి దాకా పక్కపక్కన కూర్చుని కబుర్లాడుకుంటారు. ఆ వయసుకు అందమే అది. ఆ బ్యాక్టీరియాకు కావాల్సింది కూడా అదే.

అందుకే చేరాక తీరిగ్గా వేయించుకోవచ్చులే అనుకుంటే ఆలస్యమైపోయినట్టే. సూది పడ్డాక శరీరం రక్షణ సిద్ధం చేసుకోవడానికి వారం, పది రోజులు పడుతుంది. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం తన చట్టంలో ఈ లెక్కనే రాసుకుంది. కొత్తగా చేరే విద్యార్థి తరగతులు మొదలవడానికి కనీసం 10 రోజుల ముందే మెనింజైటిస్ టీకా వేయించుకోవాలి. 2009లో క్యాంపస్ హాస్టళ్లలో ఉండేవారికని తెచ్చిన చట్టాన్ని 2012 నుంచి బయట ఉండి చదివేవారికీ వర్తింపజేశారు. గొంతులో బ్యాక్టీరియా హాస్టల్ గేటు దగ్గర ఆగిపోదు కాబట్టి అది సరైన మార్పే.

ఈ టీకాల్లో కొన్నిటికి ఇంకో మేలు ఉంది. ఈ బ్యాక్టీరియా రకాలను ఇంగ్లిష్ అక్షరాలతో పిలుస్తారు. బ్రిటన్ 1999లో సి రకం మెనింజైటిస్‌కు పిల్లలకూ యువతకూ పెద్ద ఎత్తున టీకా వేసినప్పుడు, టీనేజర్ల గొంతుల్లో ఆ రకం బ్యాక్టీరియా దాదాపు మూడింట రెండొంతులు తగ్గిపోయింది. టీకా వేసుకోనివారిలో కూడా జబ్బు తగ్గింది. తర్వాత డబ్ల్యూ రకం పెరుగుతోందని గమనించి, 2015లో టీనేజర్లతో పాటు కొత్తగా యూనివర్సిటీల్లో చేరేవారికి కూడా ఏ, సి, డబ్ల్యూ, వై నాలుగు రకాలకూ కలిపి ఒకే టీకా ఇవ్వడం మొదలుపెట్టారు. ఒకరు వేయించుకుంటే పక్కవాడికీ రక్షణ దొరికే చోట నిబంధనకు నైతిక బలం ఉంటుంది. ఈ తేడాను చాలామంది పట్టించుకోరు, కాలేజీలు కూడా.

బి రకం కథ వేరు. 2013లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో బి రకం వ్యాపించింది. ఎనిమిది కేసులు బయటపడ్డాయి. దాన్ని అడ్డుకునే టీకాకు అప్పటికి యూరప్‌లో అనుమతి ఉంది, అమెరికాలో లేదు. ప్రత్యేక అనుమతితో తెప్పించి ఐదు వేల మందికి పైగా విద్యార్థులకు వేశారు. టీకా వేయించుకున్న ఆ విద్యార్థుల్లో మళ్లీ ఎవరికీ జబ్బు రాలేదు. కానీ 2014 మార్చిలో మరో నగరంలోని డ్రెక్సెల్ యూనివర్సిటీ విద్యార్థిని ఒకరు చనిపోయారు. జబ్బు పడటానికి వారం ముందు ఆమె ప్రిన్స్‌టన్ విద్యార్థులతో గడిపింది. పరీక్షల్లో తేలింది అదే రకం బ్యాక్టీరియా. బి టీకా వేసుకున్నవాడిని కాపాడుతుంది గానీ గొంతులో బ్యాక్టీరియాను వదిలించదని తర్వాత ఆస్ట్రేలియాలో వేలమంది స్కూలు విద్యార్థుల మీద జరిగిన అధ్యయనం కూడా చెప్పింది. కాబట్టి బి టీకాను గట్టిగా సిఫారసు చేయాలి, అందుబాటులో పెట్టాలి, ఎక్కడైనా కేసు వస్తే వెంటనే వేయాలి. అందరికీ తప్పనిసరి చేసేంత వాదన మాత్రం ఇప్పటికి దానికి లేదు.

తట్టు, గవదబిళ్లల విషయంలో ఆ తర్జనభర్జన అక్కర్లేదు. తట్టు వచ్చినవాడు గదిలోంచి వెళ్లిపోయాక కూడా వైరస్ రెండు గంటల దాకా గాలిలో ఉంటుంది. రక్షణ లేనివారి మధ్య ఒకరి నుంచి 12 నుంచి 18 మందికి అంటుతుంది. దాన్ని ఆపాలంటే నూటికి 95 మందికి రక్షణ ఉండాలి. 1985లో అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రంలో ఉన్న ప్రిన్సిపియా కాలేజీలో, మత విశ్వాసం వల్ల ఎక్కువమంది టీకాలకు దూరంగా ఉన్న చోట, వంద మందికి పైగా తట్టు బారిన పడ్డారు. ముగ్గురు చనిపోయారు. పెరిగిన పిల్లలకు తట్టు ఏం చేస్తుందిలే అనేవాళ్లకు ఈ ఒక్క సంగతి చాలు.

పసితనంలో వదిలేసిన సూది లెక్క హాస్టల్‌లో తేలుతుంది. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాకు కలిపి వేసే ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన బ్రిటన్ వైద్యుడు వేక్‌ఫీల్డ్ పత్రం 1998లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. 2010లో ఆ పత్రిక దాన్ని ఉపసంహరించుకుంది. ఆ పన్నెండేళ్లలో భయపడ్డ తల్లిదండ్రులు ఇంగ్లండ్‌లో ఎంతోమంది పిల్లలకు టీకా వేయించలేదు. ఆ పిల్లలే పెరిగి కాలేజీలకొచ్చారు. 2019లో ఇంగ్లండ్‌లో గవదబిళ్లల కేసులు ఐదు వేలు దాటాయి. వాటిలో చాలా భాగం కాలేజీ వయసువారివే. వాళ్లు అప్పుడు పొత్తిళ్లలో బిడ్డలు, ఆ నిర్ణయంలో వాళ్ల ప్రమేయమే లేదు. కాలేజీలో చేరే రోజు వాళ్లకు దొరికే రెండో అవకాశం. టీకా సంగతి నేరస్థుణ్ణి నిలదీసినట్టు కాకుండా, మిస్సయిన డోసు ఇప్పిస్తాం రా అన్నట్టు అడగాలి.

అడిగే తీరులోనే చాలా కాలేజీలు పొరపాటు చేస్తున్నాయి. 2019 ఏప్రిల్‌లో లాస్ ఏంజెలెస్‌లోని రెండు యూనివర్సిటీల్లో తట్టు సోకినవారు తిరిగారని తెలిసి వందలమంది విద్యార్థులను, సిబ్బందిని క్వారంటైన్‌లో ఉంచారు. వాళ్లలో చాలామందికి జబ్బూ లేదు, టీకా పడని వారూ కాదు. పడిందని చూపించే కాగితం లేదు, అంతే. కాగితం దొరికినకొద్దీ ఒక్కొక్కరినీ వదిలారు.

ఆ కాగితం ఎలా ఉంటుందో ప్రతి ఇంట్లోనూ తెలుసు. బీరువా అడుగున, పాత ఫొటోల కింద, నాలుగు మడతలు పడిన కార్డు. మడత పడిన చోట చిరిగి ఉంటుంది. తేదీలు సగం అలికిపోయి ఉంటాయి, డాక్టర్ గారి సంతకం తప్ప ఏమీ చదవలేం. ఇల్లు మారినప్పుడు పోయినవి కొన్ని, వరదలో తడిసినవి కొన్ని, అసలు ఎవరూ రాసివ్వనివి కొన్ని. వేరే దేశం నుంచి వచ్చి చేరే విద్యార్థికి టెన్షన్ ఇంకా ఎక్కువ. వాళ్ల దేశపు టీకాల పట్టికలో గవదబిళ్లల టీకా ఉండకపోవచ్చు, కార్డు అక్కడి గుమాస్తా చదవలేని భాషలో ఉండొచ్చు. అలాంటివారిని కాగితం కోసం పదిసార్లు తిప్పడం వైద్యం కాదు. ఎంఎంఆర్ అదివరకే పడినవారికి ఇంకో డోసు వేసినా హాని లేదు. కార్డు లేదంటే రక్తపరీక్ష చేయండి, లేదా అక్కడే కూర్చోబెట్టి సూది వేయండి. పని ఐదు నిమిషాల్లో అయిపోతుంది.

ఇక బలవంతం మాట. అమెరికా సుప్రీంకోర్టు 1905లోనే మశూచి టీకాకు సంబంధించిన జేకబ్‌సన్ కేసులో, ప్రజారోగ్యం కోసం రాష్ట్రాలు సహేతుకమైన షరతులు పెట్టొచ్చని చెప్పింది. 1922లో, టీకా సర్టిఫికెట్ లేనిదే విద్యాసంస్థల్లోకి రానివ్వని శాన్ ఆంటోనియో నగర నిబంధనను కూడా సమర్థించింది. భారత సుప్రీంకోర్టు 2022 మే 2న ఇచ్చిన తీర్పులో ఎవరికీ బలవంతంగా టీకా వేయకూడదంటూనే, ప్రజారోగ్యం కోసం పెట్టే షరతులు అవసరానికి తగ్గట్టు ఉండాలంది. మాకు నచ్చిన మాట ఈ చివరిదే. తగ్గట్టు ఉండాలి.

ఆ కొలతను కోవిడ్ కాలంలో చాలా కాలేజీలు పాటించలేదని చెప్పక తప్పదు. 2021లో టీకా తప్పనిసరి చేసినప్పుడు కారణం ఉంది: ఆసుపత్రులు నిండిపోతున్నాయి, క్లాసులు మూతపడ్డాయి. తర్వాత వచ్చిన వేరియంట్లను టీకా వ్యాపించకుండా ఆపలేకపోతోందని తెలిసింది. ఎంఆర్ఎన్ఏ రకం కోవిడ్ టీకా రెండో డోసు తర్వాత కుర్రాళ్లలో అరుదుగా గుండె కండరం వాపు వస్తోందనీ తేలింది. అయినా కొన్ని చోట్ల బూస్టర్ నిబంధన 2023 దాకా సాగింది. ఆధారం మారినప్పుడు నిబంధన మారకపోతే విద్యార్థులు ఆ ఒక్క టీకానే కాదు, అన్నిటినీ అనుమానిస్తారు. తట్టు టీకా దశాబ్దాలుగా సంపాదించుకున్న నమ్మకాన్ని అలా పోగొట్టుకోవడం మాకు బాధ కలిగించే విషయం. తప్పనిసరి జాబితాను ఏటా వైద్యుల కమిటీ తిరిగి చూడాలి, ఎందుకు ఉంచిందో ఎందుకు తీసేసిందో విద్యార్థులకు అర్థమయ్యే భాషలో రాసి పెట్టాలి.

మినహాయింపులు ఉండాలా? వైద్య కారణాలుంటే తప్పకుండా. క్యాన్సర్ చికిత్సలో ఉన్న విద్యార్థికి, గర్భిణికి ఎంఎంఆర్ లాంటి బతికున్న వైరస్ టీకాలు వేయకూడదు. నిజానికి మిగతావాళ్లంతా వేయించుకోవాలని అడిగేది వీళ్ల కోసమే. నమ్మకాల పేరుతో మినహాయింపు కోరేవారిని మాత్రం ఫారంలో ఓ టిక్కు పెట్టించి పంపేయకూడదు. డాక్టరుతో ఓ అరగంట మాట్లాడాలి, అడగాల్సినవన్నీ అడగాలి. అప్పటికీ వద్దంటే, క్యాంపస్‌లో జబ్బు బయటపడినన్నాళ్లూ తరగతులకు రానని సంతకం పెట్టాలి. ఇష్టం లేని ఒంట్లోకి సూది గుచ్చమని మేం అడగం.

కాలేజీలు చేయాల్సింది అసాధ్యమైనదేం కాదు. సీటు వచ్చిందని చెప్పే ఉత్తరంలోనే ఏ టీకాలు కావాలో, ఎప్పటిలోగా కావాలో రాయాలి. ఇంటి దగ్గర వేయించుకోలేనివారికి తరగతులకు రెండు వారాల ముందే క్యాంపస్‌లో ఉచితంగా వేయాలి. సెలవుల్లో పని చేసుకునే పిల్లలుంటారు కాబట్టి సాయంత్రాలు, ఆదివారాలు కూడా నర్సు ఉండాలి. ఫీజుల రసీదులో ఎన్నో పద్దులు కనిపిస్తాయి, ఈ ఖర్చు వాటిలో దేనికన్నా ఎక్కువ కాదు. రికార్డు ఆరోగ్య కేంద్రంలోనే ఉండాలి. ఆఫీసుకు తెలియాల్సింది పూర్తయిందా లేదా అన్న ఒక్క ముక్కే. చదువు పూర్తయి వెళ్లేటప్పుడు ఆ రికార్డు ప్రతిని విద్యార్థి చేతికివ్వాలి, ఆ బీరువా కార్డు తిప్పలు ఇంకో తరానికి ఉండకూడదు.

అన్నీ చేసినా అన్ని రకాల మెనింజైటిస్‌కూ రక్షణ రాదు. నాలుగు రకాల టీకాలో బి లేదు, అయిదేళ్లకు దాని బలం కూడా తగ్గుతుంది. అందుకని ప్రతి హాస్టల్ గది తలుపు లోపలివైపు ఓ కాగితం అంటించమని అడుగుతున్నాం. జ్వరం, మెడ పట్టేయడం, వెలుతురు చూడలేకపోవడం, చల్లబడిన చేతులు, గ్లాసుతో అదిమినా పోని మచ్చలు. వీటిలో ఏది కనిపించినా అన్నీ కనిపించేదాకా ఆగొద్దని, జ్వరంతో పడుకున్నవాణ్ణి ఒంటరిగా వదలొద్దని, గంటకోసారి లేపి మాట్లాడించమని, అనుమానం వస్తే రాత్రి ఎన్ని గంటలైనా ఈ నంబరుకు ఫోన్ చేయమని పెద్ద అక్షరాల్లో రాయాలి. ఆ నంబరుకు ఫోన్ వస్తే ఎవరో ఒకరు ఎత్తాలి.